బండి కార్బురేటర్ విప్పి చూద్దాం – మా గది వాళ్లం నేర్చుకున్న పాఠం



వార్షికోత్సవ సంచిక అనగానే కవితలు, కథలు, సూక్తులు, జనరల్ నాలెడ్జి ప్రశ్నలు గుర్తుకు వస్తాయి. ఈసారి మా గది వాళ్లం చేతులకు మసి అంటించుకుని నేర్చుకున్న ఒక పని గురించి రాస్తున్నాం. మనలో చాలామంది ఇళ్లలో పాత మోటారు సైకిల్ ఉంది. అది ఆగితే ఇంట్లో పని ఆగుతుంది, కూలి ఆగుతుంది. కాబట్టి ఈ పాఠం అందరికీ పనికి వస్తుందని మా నమ్మకం.

మా గదిలో ఐదుగురం. ముగ్గురం ఇంటర్ ఎం.పి.సి., ఒకరు డిగ్రీ, ఒక అన్న ఐటీఐలో మోటారు మెకానిక్ ట్రేడు. మాలో ఒకరి నాన్నగారు స్టీలు గిన్నెలు, ప్లాస్టిక్ బిందెలు బండికి కట్టుకుని ఊరూరా తిరిగి అమ్ముతారు. మేమందరం ఆయన్ను బాబాయ్ అనే పిలుస్తాం. ఆయన తిరిగేది చీమకుర్తి గ్రానైట్ లారీలు తిరిగే రోడ్డు. దుమ్ము సంగతి చెప్పనక్కరలేదు. ఆయన బండి పాత 100 సీసీ నాలుగు స్ట్రోకుల బండి. వానాకాలం చివర్లో అది మొరాయించింది. చోక్ వేస్తేనే స్టార్ట్ అయ్యేది, చోక్ తీయగానే ఆగిపోయేది. ఎత్తు ఎక్కేటప్పుడు మిస్సింగ్ కొట్టేది. చూపిస్తే, కార్బురేటర్ పోయింది, కొత్తది వేయాలి, రెండు వేలవుతుంది అన్నారట.

రెండు వేలంటే బాబాయికి వారం రోజుల మిగులు. అది లేక నాలుగు రోజులు ఇంట్లోనే కూర్చున్నారు. మా స్నేహితుడు ఆ సంగతి తెలిసి, "నెల రోజులు క్వారీలో పనికి పోయి వస్తాను" అని పెట్టె సర్దుకున్నాడు. ఇంటర్ రెండో సంవత్సరంలో నెల రోజుల హాజరు పోతే ఏమవుతుందో మనందరికీ తెలుసు. అప్పుడు ఐటీఐ అన్న ఒక మాట అన్నాడు: "పోయిందన్నదాన్ని విప్పితే కొత్తగా పోయేదేముందిరా? ఆదివారం బండి ఇక్కడికి తెప్పించు, చూద్దాం."

కార్బురేటర్ ఏం చేస్తుంది?

పెట్రోలు ద్రవంగా ఉంటే ఇంజిన్‌లో సరిగా మండదు. దాన్ని సన్నని తుంపరగా చేసి, తగిన గాలితో కలిపి లోపలికి పంపాలి. ఆ పని చేసేదే కార్బురేటర్. ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండటానికి దాదాపు 14.7 గ్రాముల గాలి కావాలి. గాలి బరువు లీటరుకు సుమారు 1.2 గ్రాములు. అంటే ఒక గ్రాము పెట్రోలుకు సుమారు 12 లీటర్ల గాలి! లెక్క కడితే ఒక లీటరు పెట్రోలు మండాలంటే దాదాపు 9 వేల లీటర్ల గాలి కావాలి. మనం బండిలో పోసేది పెట్రోలే అయినా బండి తాగేది ఎక్కువగా గాలినే. ఎయిర్ ఫిల్టర్ ఎందుకంత ముఖ్యమో దీన్నిబట్టి అర్థమవుతుంది.

పెట్రోలు గాలిలోకి ఎలా లేస్తుంది? ఇక్కడే మన ఫిజిక్స్ పాఠం ఉంది. ద్రవం గానీ వాయువు గానీ వేగంగా ప్రవహించే చోట పీడనం తగ్గుతుందని డేనియల్ బెర్నౌలీ 1738లో తన పుస్తకంలో వివరించాడు. గొట్టాన్ని మధ్యలో సన్నగా చేస్తే అక్కడ వేగం పెరిగి పీడనం తగ్గుతుంది. ఇటలీ శాస్త్రవేత్త వెంచురి పేరు మీద ఆ సన్నని భాగాన్ని వెంచురి అంటాం. కార్బురేటర్ మధ్యలో ఉండేది అదే. పిస్టన్ కిందికి దిగేటప్పుడు గాలిని లాగుతుంది, ఆ గాలి వెంచురిలో వేగంగా పోతుంది, అక్కడ పీడనం తగ్గుతుంది, కింద గిన్నెలోని పెట్రోలు జెట్టు గుండా పైకి చిమ్ముతుంది. పెట్రోలును పైకి తోసే పంపు ఏదీ లేదు. మన చుట్టూ ఉన్న గాలి పీడనమే తోస్తుంది.

ఇంకో చిన్న లెక్క. 100 సీసీ ఇంజిన్ నిమిషానికి 6,000 సార్లు తిరుగుతోందనుకుందాం. నాలుగు స్ట్రోకుల ఇంజిన్ రెండు చుట్లకు ఒకసారి గాలి పీలుస్తుంది. అంటే నిమిషానికి 3,000 సార్లు, సెకనుకు 50 సార్లు. ఒక్కోసారి ఎక్కువలో ఎక్కువ 100 మిల్లీలీటర్లు అనుకుంటే సెకనుకు 5 లీటర్ల గాలి. అంత గాలికి సరిపడే పెట్రోలును కొలిచి ఇచ్చేది మిల్లీమీటరు కన్నా చిన్న రంధ్రం. దానిలో ఒక ఇసుక రేణువు ఇరుక్కుంటే చాలు, బండి ఆగిపోతుంది.

లోపలి భాగాలు

1. ఫ్లోట్ చాంబర్: కింద ఉండే గిన్నె. పెట్రోలు ఇక్కడ నిలవ ఉంటుంది.
2. ఫ్లోట్, ఫ్లోట్ నీడిల్: మరుగుదొడ్డి ఫ్లష్ ట్యాంకులో తేలే బంతి లాంటిదే. పెట్రోలు నిండగానే ఫ్లోట్ పైకి లేచి నీడిల్‌తో దారి మూస్తుంది.
3. పైలట్ జెట్టు: చిన్న రంధ్రం ఉన్న ఇత్తడి జెట్టు. బండి స్లోలో ఉన్నప్పుడు, యాక్సిలేటర్ కొద్దిగా తిప్పినప్పుడు పెట్రోలు ఇచ్చేది ఇదే.
4. స్లైడ్, జెట్ నీడిల్: యాక్సిలేటర్ వైరుకు తగిలించి ఉంటాయి. తిప్పితే పైకి లేస్తాయి. మధ్య వేగాల్లో పెట్రోలు కొలత నీడిల్‌దే.
5. మెయిన్ జెట్టు: యాక్సిలేటర్ ముప్పావు వంతు దాటి తిప్పినప్పుడు దీనిదే పెత్తనం.
6. ఎయిర్ స్క్రూ: స్లోలో గాలి, పెట్రోలు పాళ్లు సరిచేసేది.
7. ఐడిలింగ్ స్క్రూ: స్లైడ్ పూర్తిగా మూసుకోకుండా ఆపి, ఇంజిన్ ఆగకుండా చూసేది.
8. చోక్: చల్లని ఇంజిన్‌కు గాలి తగ్గించి, పెట్రోలు పాలు పెంచేది.

లక్షణాన్ని బట్టి లోపం

విప్పే ముందు ఆలోచించాలి. అన్న మాకు పదేపదే చెప్పిన మాట ఇదే.

చోక్ వేస్తే నడిచి, తీస్తే ఆగిపోతుంటే: పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ. పైలట్ జెట్టు మూసుకుని ఉండవచ్చు, లేదా కార్బురేటర్‌కు, ఇంజిన్‌కు మధ్య జాయింటులో గాలి దూరుతూ ఉండవచ్చు.

స్లోలో బాగుండి, వేగంలో లాగకపోతే: మెయిన్ జెట్టులో మురికి, లేదా ట్యాంకు నుండి పెట్రోలు సరిగా రావడం లేదు.

మధ్య వేగంలో గుంజుకుంటుంటే: జెట్ నీడిల్, దాని క్లిప్పు చూడాలి.

కింది గొట్టం నుండి పెట్రోలు కారుతుంటే: ఫ్లోట్ నీడిల్ కింద మురికి ఉంది, నీడిల్ అరిగింది, లేదా ఫ్లోట్‌కు చిల్లు పడింది.

నల్ల పొగ, మైలేజీ తగ్గుదల ఉంటే: చోక్ పూర్తిగా తెరుచుకోవడం లేదు, ఎయిర్ ఫిల్టర్ నిండిపోయింది, లేదా ఫ్లోట్ మట్టం ఎక్కువైంది.

యాక్సిలేటర్ వదిలినా శబ్దం తగ్గకపోతే: వైరు బిగుసుకుంది, స్లైడ్ ఇరుక్కుంది, లేదా జాయింటులో గాలి దూరుతోంది.

ప్లగ్గు కూడా సాక్ష్యం చెబుతుంది. కొన లేత ఇటుక రంగులో ఉంటే మంచిది. నల్లటి పొడి మసి ఉంటే పెట్రోలు ఎక్కువ. తెల్లగా పాలిపోయి ఉంటే పెట్రోలు తక్కువ. బాబాయి బండి ప్లగ్గు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది.

ముందు ఇవి చూడాలి

కార్బురేటర్ మీద నేరం మోపే ముందు నాలుగు చూడాలి. ట్యాంకులో పెట్రోలు ఉందా? ట్యాపు తెరిస్తే గొట్టంలో ధార బాగా వస్తోందా? ట్యాంకు మూతకున్న గాలి రంధ్రం తెరుచుకుని ఉందా? (అది మూసుకుపోతే కొంత దూరం నడిచి బండి ఆగుతుంది. మూత తీస్తే మళ్లీ నడుస్తుంది.) ఎయిర్ ఫిల్టర్ శుభ్రంగా ఉందా? మేము ఫిల్టర్ విప్పితే చారెడు బూడిద రంగు దుమ్ము రాలింది. దులిపి బిగించినా చోక్ తీయగానే ఆగింది. అప్పుడు గానీ కార్బురేటర్ జోలికి పోలేదు.

జాగ్రత్తలు

పెట్రోలు ఆవిరి గాలి కన్నా బరువు. నేల మీద పాకుతూ పోయి దూరంగా ఉన్న నిప్పును అందుకుంటుంది. అందుకే వార్డెన్ సారు అనుమతి ఇస్తూ, "వంటగది వైపు రాకండి, వేపచెట్టు కింద చేసుకోండి, ఇసుక బకెట్ పక్కన పెట్టుకోండి" అన్నారు. ఇంజిన్ పూర్తిగా చల్లారాక మొదలుపెట్టాలి. పెట్రోలును నోటితో ఎప్పుడూ పీల్చరాదు. స్ప్రే కొట్టేటప్పుడు కళ్లజోడు పెట్టుకోవాలి. బయటికి తీసిన పెట్రోలును మూత ఉన్న డబ్బాలో పోయాలి గానీ మురుగు కాలువలో పారబోయరాదు.

విప్పే పద్ధతి

1. ట్యాపు మూసి, పెట్రోలు గొట్టం తీయాలి. గిన్నె కింది డ్రెయిన్ స్క్రూ వదులు చేసి పెట్రోలును ఒక గాజు గ్లాసులోకి దించాలి. గాజు గ్లాసు ఎందుకంటే లోపల ఏముందో కనబడుతుంది. మా గ్లాసులో అడుగున ముత్యాల్లా నీటి బొట్లు దొర్లాయి, పక్కన తుప్పు పొడి. సగం జబ్బు అక్కడే దొరికింది.

ఆ నీళ్లు ఎక్కడివి? ట్యాంకు మూత రబ్బరు పగిలి ఉంది. వానల్లో అక్కడి నుండే దిగాయి. ఇంకో సంగతి తెలుసుకోవాలి. 2023 నుండి మన దేశంలో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు అమ్మకం మొదలైంది. ఇథనాల్ నీటిని తనలో కలుపుకుంటుంది. నీరు హద్దు దాటితే ఇథనాల్, నీరు కలిసి అడుక్కి దిగుతాయి. పాత బండ్ల రబ్బరు భాగాలు ఇథనాల్‌కు ఉబ్బడమో గట్టిపడటమో జరగవచ్చు. కాబట్టి పాత బండిని నెలల తరబడి కదలకుండా నిలబెట్టేటప్పుడు కార్బురేటర్ గిన్నెలో పెట్రోలు ఉంచరాదు.

2. పై మూత విప్పి స్లైడ్, నీడిల్ మెల్లగా బయటికి లాగాలి. వైరు నుండి విడదీయనక్కర లేదు. శుభ్రమైన ప్లాస్టిక్ కవరులో పెట్టి హ్యాండిల్‌కు కట్టవచ్చు.

3. ఫిల్టర్ వైపు క్లాంపు, ఇంజిన్ వైపు నట్లు విప్పి కార్బురేటర్ బయటికి తీయాలి. ఇంజిన్ రంధ్రంలో ఏమీ పడకుండా శుభ్రమైన గుడ్డ పెట్టాలి.

4. గిన్నె స్క్రూలు మెత్తగా ఉంటాయి. సరిపోయే స్క్రూ డ్రైవర్‌తో గట్టిగా అదిమి తిప్పకపోతే తలకాయలు చెడిపోతాయి.

5. ఫ్లోట్ పిన్నును మెల్లగా తోసి ఫ్లోట్, నీడిల్ తీయాలి. ఆ తర్వాత మెయిన్ జెట్టు, పైలట్ జెట్టు తీయాలి. పైలట్ జెట్టును అసలు విప్పడానికి వీలులేకుండా బిగించిన కార్బురేటర్లు కొన్ని ఉంటాయి. అలాంటిదాన్ని బలవంతం చేయరాదు. ఉన్న చోటే శుభ్రం చేయాలి.

6. ఎయిర్ స్క్రూ తీసే ముందు ఒక పని తప్పక చేయాలి. దాన్ని మెల్లగా లోపలికి తిప్పుతూ ఆగే వరకు ఎన్ని చుట్లో లెక్కపెట్టి కాగితం మీద రాసుకోవాలి. మాది ఒకటిన్నర చుట్టు. ఆగిన తర్వాత బిగిస్తే దాని మొన పాడవుతుంది.

తీసిన ప్రతి భాగాన్ని వరుసగా ఒక తెల్లని బట్ట మీద పెట్టాలి. మేము హాస్టల్ అన్నం పళ్లెంలో పెట్టి, పక్కన 1, 2, 3 అని చీటీలు రాశాం. (పళ్లేన్ని తర్వాత వేరుగా తీసి పెట్టేశాం. దానిలో ఎవరూ అన్నం తినలేదు!)

శుభ్రం చేయడం

కార్బురేటర్ క్లీనర్ స్ప్రే డబ్బా కొన్నాం. రబ్బరు రింగులు, ఫ్లోట్ పక్కన పెట్టి, మిగతా ప్రతి రంధ్రంలోకి స్ప్రే కొట్టి పది నిమిషాలు నాననివ్వాలి. తర్వాత గాలి కొట్టాలి. మేము వీధి చివర పంక్చర్ షాపు అన్నను అడిగి కంప్రెసర్ గాలి కొట్టించాం. ఆయన డబ్బు తీసుకోలేదు. ఒక రంధ్రంలో కొట్టిన గాలి ఇంకో రంధ్రం నుండి వస్తేనే దారి తెరుచుకున్నట్టు.

జెట్టును వెలుతురుకు ఎత్తి చూడాలి. గుండ్రటి వెలుగు చుక్క కనబడాలి. మా పైలట్ జెట్టులో ఏమీ కనబడలేదు. మాలో ఒకరు క్లచ్ వైరు తీగ ఒకటి తెచ్చి పొడవబోతే అన్న చేయి పట్టుకున్నాడు. "ఇత్తడి మెత్తన, ఉక్కు తీగ గట్టి. రంధ్రం ఒక వెంట్రుక పెద్దదైతే చాలు, ఈ జెట్టు జన్మలో సరిగ్గా కొలవదు" అన్నాడు. స్ప్రేలో మరోసారి నానబెట్టి, బ్రష్షు నుండి పీకిన నైలాన్ పోగు మెల్లగా దూర్చి, మళ్లీ గాలి కొట్టాం. మూడోసారికి వెలుగు చుక్క కనబడింది. మా స్నేహితుడి ముఖంలో కూడా!

అరుగుదల పరీక్ష

శుభ్రం చేసినంత మాత్రాన అరిగినది బాగుపడదు. ఫ్లోట్ నీడిల్ మొనపై చుట్టూ గీత పడితే మార్చాలి. ఫ్లోట్‌ను చెవి దగ్గర ఊపితే లోపల పెట్రోలు శబ్దం వస్తే అది చిల్లు పడినట్టే. స్లైడ్ మీద లోతైన గీతలుండి, తన గూటిలో వదులుగా ఊగితే అప్పుడు నిజంగానే కొత్త కార్బురేటర్ అవసరం. బాబాయి కార్బురేటర్‌లో నీడిల్‌కు గీత పడింది, ఓ-రింగులు గట్టిపడ్డాయి. అవన్నీ ఉన్న రిపేరు కిట్టు, ట్యాంకు మూత రబ్బరు కలిపి రెండు వందల లోపే అయ్యాయి. పాత భాగాన్ని చేతిలో పట్టుకెళ్లి, దానితో పోల్చి చూసి కొనాలి.

బిగించడం

విప్పిన వరుసకు తిరగేసి బిగించాలి. జెట్లు ఇత్తడివి కాబట్టి ఆనేంతవరకే బిగించాలి. ఫ్లోట్ పెట్టాక కార్బురేటర్‌ను తలకిందులు చేసి, పెట్రోలు వచ్చే దారికి కొత్త శుభ్రమైన గొట్టం తగిలించి మెల్లగా ఊదాలి. గాలి పోకూడదు. ఫ్లోట్‌ను వేలితో ఎత్తితే పోవాలి. అప్పుడు నీడిల్ సరిగ్గా మూస్తున్నట్టు. ఎయిర్ స్క్రూను పూర్తిగా మూసి, రాసుకున్న లెక్క ప్రకారం వెనక్కి తిప్పాలి.

స్లైడ్ పెట్టేటప్పుడు మేము పెద్ద తప్పు చేయబోయాం. స్లైడ్ కింద ఒక వైపు కోసినట్టు ఉంటుంది. ఆ కోత ఫిల్టర్ వైపు ఉండాలి. తిరగేసి పెడితే కిక్కు కొట్టగానే ఇంజిన్ అదుపు తప్పి అరుస్తుంది. కాబట్టి స్టార్ట్ చేయడానికి ముందే యాక్సిలేటర్ తిప్పి వదలాలి. స్లైడ్ టక్‌మని కింద పడిన శబ్దం రావాలి. హ్యాండిల్ రెండు వైపులా తిప్పి కూడా చూడాలి. మాకు ఆ శబ్దం రాలేదు. మళ్లీ విప్పి సరిచేశాం.

ట్యూనింగ్

ట్యాంకులోని నీళ్ల పెట్రోలును పూర్తిగా దించి, కొత్త పెట్రోలు పోశాం. ట్యాపు తెరిచి రెండు నిమిషాలు ఎక్కడా కారడం లేదని చూశాం. చోక్ వేసి కిక్కు కొట్టాం. ఐదో కిక్కుకు అందుకుంది. ఐదు నిమిషాలు వేడెక్కాక ఐడిలింగ్ స్క్రూతో శబ్దం కాస్త పెంచి, ఎయిర్ స్క్రూను పావు చుట్టు చొప్పున అటూ ఇటూ తిప్పుతూ ఇంజిన్ అన్నిటికన్నా వేగంగా, నిలకడగా తిరిగే చోట వదిలాం. తర్వాత ఐడిలింగ్ స్క్రూతో మామూలు స్లోకు తెచ్చాం. ఇలాంటి బండ్లకు నిమిషానికి సుమారు 1,400 చుట్లు సరిపోతుంది. ఎయిర్ స్క్రూ లోపలికి తిప్పితే గాలి తగ్గి పెట్రోలు పాలు పెరుగుతుంది. బయటికి తిప్పితే గాలి పెరుగుతుంది.

ఒక హెచ్చరిక. 2020 ఏప్రిల్ 1 నుండి బీఎస్-6 నిబంధనలు వచ్చాక చాలా కొత్త బండ్లలో కార్బురేటర్ బదులు ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. వాటిలో పెట్రోలు పంపు ఒత్తిడితో ఉంటుంది. ఈ పాఠం చదివి వాటి గొట్టాలు పీకకండి.

చివరి మాట

ఆ సాయంత్రం బాబాయ్ చోక్ తీసి, బండి ఆగుతుందేమోనని చాలాసేపు అలాగే నిలబడి చూశారు. ఆగలేదు. ఎక్కి రోడ్డు చివరి దాకా వెళ్లి వచ్చారు. అన్నతో, "మీకేమివ్వాలి నాయనా?" అన్నారు. అన్న, "మావాడిని పరీక్షలయ్యే దాకా ఇంటికి పిలవకు బాబాయ్, అదే చాలు" అన్నాడు. మా స్నేహితుడు సర్దిన పెట్టె విప్పి పుస్తకాలు మళ్లీ అరలో పెట్టుకున్నాడు.

ఆ రాత్రి స్టడీ అవర్‌లో బెర్నౌలీ సిద్ధాంతం మళ్లీ చదివాం. అంతకు ముందు నాలుగు మార్కుల ప్రశ్నగా బట్టీ పట్టినదే. ఈసారి పుస్తకం మూసి కూడా చెప్పగలిగాం. మిత్రులారా! మీ ఇంట్లో ఆగిపోయిన వస్తువు ఏదైనా ఉంటే, తెలిసినవారిని పక్కన పెట్టుకుని, జాగ్రత్తలు పాటించి, ఒకసారి విప్పి చూడండి. మన చదువు దాని లోపల ఎక్కడో కనబడుతుంది.